అల్యూమినియం డై వంగితే ముందు ఏం చూడాలి

వేడి అల్యూమినియాన్ని డై రంధ్రం గుండా తోసి సెక్షన్లు (పొడవాటి ఆకారాలు) తీసే ప్రెస్ నుంచి వంగిన డై వాపసు రాగానే అందరూ అనే మాట ఒకటే: "స్టీల్ బాగోలేదు." డై కరెక్షన్ చేసేవాణ్ని కాబట్టి ఈ మాట నాకు రోజూ వినబడేదే. కానీ ఈ డైలు చేసే హెచ్13 స్టీల్ అంత తేలిగ్గా లొంగేది కాదు. చాలాసార్లు మనమే దాన్ని మెత్తబరిచి ఉంటాం, లేదా వెనక ఆనిక లేకుండా ప్రెస్‌కి ఎక్కించి ఉంటాం. ఏది జరిగిందో తేల్చకుండా డై మేకర్‌కి ఫోన్ చేయకండి.

డైలో ఇరుక్కున్న అల్యూమినియాన్ని కాస్టిక్ సోడాతో తీసేసి, కడిగి, పూర్తిగా చల్లారనివ్వండి. బిల్లెట్ (తోసే అల్యూమినియం దిమ్మ) వైపు ముఖం మీద స్ట్రెయిట్ ఎడ్జ్ ఆనించి వెనక టార్చ్ పట్టండి. టంగ్ (సెక్షన్‌లో గాడి వచ్చేలా డైలో నాలుకలా పొడుచుకొచ్చిన స్టీల్ భాగం) దగ్గర వెలుతురు కనిపిస్తే ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు) దూర్చి ఎంత దిగిందో రాసుకోండి. అలా దిగినది ఇక తిరిగి రాదు. డై తిన్నగానే ఉండి, నడిచేటప్పుడు మాత్రమే సెక్షన్ మందం మారుతుంటే అది స్ప్రింగ్ వంపు, లోడ్ తీయగానే పోతుంది.

స్ప్రింగ్ వంపుకి ఇంకా గట్టి స్టీల్ అడగడం డబ్బు దండగ. హార్డ్‌నెస్ పెంచినా లోడ్ కింద స్టీల్ ఎంత వంగుతుందన్నది దాదాపు మారదు. డై మందం పెంచాలి, లేదంటే డై వెనక ఆనించే బ్యాకర్ ప్లేట్ చూడాలి. బ్యాకర్ రంధ్రం టంగ్ వెనక మరీ వెడల్పుగా కోసి ఉంటే టంగ్ గాల్లో వేలాడినట్టే. బ్యాకర్ వెనకుండే మందపాటి దిమ్మ, బోల్స్టర్, కూడా ఏళ్ల తరబడి లోడ్ తిని మధ్యలో గుంట పడుతుంది, దాని మీదా స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టండి. కొత్త సెక్షన్ అయితే ముందే లెక్క చూసుకోవచ్చు. గాడి మూతి 5 మి.మీ., లోతు 20 మి.మీ. అనుకోండి. వైశాల్యం 100ని మూతి వర్గం 25తో భాగిస్తే 4. అంత వచ్చిందంటే టంగ్ మీద భారం బాగా పడుతుంది.

తిరిగిరాని వంపుకి హార్డ్‌నెస్ చూడాలి. బేరింగ్ (అల్యూమినియం రాసుకుంటూ పోయే రంధ్రం అంచు) మీద కాదు, అక్కడ నైట్రైడ్ పొర, అంటే నైట్రోజన్ పట్టించి గట్టిపరిచిన పైపొర, ఉంటుంది. వెనక ముఖం మీద కాస్త గ్రైండ్ చేసి రాక్‌వెల్ సి స్కేల్‌లో హార్డ్‌నెస్ తీయండి. మామూలుగా 46 నుంచి 50 మధ్య ఉండాలి. 42, 43 చూపిస్తే డై ఎక్కడో అతిగా వేడెక్కింది. హెచ్13లో మాలిబ్డినం, వెనేడియం కార్బైడ్లు వేడిలోనూ స్టీల్‌ని జారనివ్వకుండా పట్టి ఉంచుతాయి. టెంపరింగ్ వేడి దాటితే అవే ముద్దకట్టి ఆ పట్టు సడలుతుంది.

అనుమానించాల్సింది ప్రెస్‌కి ఎక్కించే ముందు డైని వేడిచేసే ఓవెన్‌ని. 450 డిగ్రీలు పెట్టామని ప్యానెల్ మీద చూసి ఊరుకోవద్దు, హీటర్ పక్కన ఉన్న డై అంతకన్నా ఎక్కువే కాగుతుంది. విడి థర్మోకపుల్‌తో మూలమూలా కొలవండి. "రేపు పొద్దున లోడింగ్ కదా" అని రాత్రంతా ఓవెన్‌లో వదిలేసే అలవాటు మానండి. నైట్రైడింగ్ చేయిస్తే వంగదులే అనేవాళ్లూ ఉన్నారు. ఆ పొర మిల్లీమీటర్‌లో పదో వంతు, అది అరుగుదలని ఆపుతుంది, వంపుని కాదు.

బిల్లెట్ చల్లగా ఉన్నా డైకే దెబ్బ. 6063 రకం అల్యూమినియం అల్లాయ్‌ని 430 డిగ్రీల లోపు తోస్తే మొదటి ఒత్తిడి బాగా పెరుగుతుంది. మొదటి బిల్లెట్ పొట్టిది వేసి, దాన్ని తోసే ర్యామ్‌ని నెమ్మదిగా నడపండి.

ఇత్తడి తోసేవాళ్లు ఈ లెక్కలు తీసుకోవద్దు. అక్కడ బిల్లెట్ 700 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది, హెచ్13 టెంపరింగ్ వేడి కన్నా ఎక్కువ. దానికి స్టెలైట్ (కోబాల్ట్ అల్లాయ్) లేదా నికెల్ అల్లాయ్ ఇన్సర్ట్ (డైలో బిగించే లోపలి ముక్క) అడగండి.