ఎమ్మెల్యేకి నిలబడితే ఖర్చుల లెక్క ఎలా రాయాలి? నామినేషన్ ముందు రోజు నుంచి రసీదు చేతికొచ్చేదాకా

2024లో మా పెదనాన్న గారబ్బాయి ఇండిపెండెంట్‌గా ఎమ్మెల్యేకి నామినేషన్ వేస్తానని పట్టుబట్టాడు. ఏ నియోజకవర్గమో చెప్పను, విజయనగరం జిల్లా అనుకోండి చాలు. ఇంట్లో అందరూ వద్దంటే వద్దన్నారు, ఆయన వింటేనా, చివరికి "ఒరే తమ్ముడూ, నువ్వు ఎలాగూ జీఎస్టీ లెక్కలు రాస్తావు కదా, ఇవి కూడా నువ్వే రాసీ" అని నా నెత్తిన పెట్టీసాడు. డిపాజిట్ రాలేదు, ఎన్ని ఓట్లొచ్చాయో అడగొద్దు. లెక్క మాత్రం టైముకి ఇచ్చాం. మాకంటే బాగా ఓట్లు తెచ్చుకున్న ఒకాయన ఫలితం రాగానే ఫోన్ ఆపేసి ఊరెళ్లిపోయాడు, ఓడిపోయాక లెక్కేటి అనుకున్నాడు పాపం. ఓడినోడు కూడా ఇవ్వాల్సిందే అని చాలామందికి తెలీదు, అందుకే ఇది రాస్తన్నాను.

ముందు పరిమితి సంగతి. ఆంధ్రాలో అసెంబ్లీ అభ్యర్థి 40 లక్షలు, లోక్‌సభ అభ్యర్థి 95 లక్షలు దాటకూడదు. 2022 జనవరిలో పెంచారు, అంతకుముందు 30.80 లక్షలు, 77 లక్షలు ఉండేది. ఇది అభ్యర్థికి మాత్రమే, పార్టీకి అసలు పరిమితే లేదు. అభ్యర్థి పేరూ ఫొటో లేకుండా పార్టీ గుర్తు, పార్టీ నాయకుడి బొమ్మతో జిల్లా అంతా హోర్డింగులు పెడితే అది పార్టీ ఖాతా, అందులోనే మీ అభ్యర్థి పేరు ఒక్క లైను పడిందా, మీ ఖాతా. మా అన్నయ్యలాంటి ఇండిపెండెంట్‌కి ఆ వెసులుబాటు ఎక్కడ్నుంచి వస్తుంది, ఆయన కరపత్రం మీద ఆయన పేరు తప్ప ఏటుంటుంది.

ఎప్పట్నుంచి ఎప్పటిదాకా అంటే ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లో 77వ సెక్షన్ చెప్పేది నామినేషన్ వేసిన రోజు నుంచి ఫలితం ప్రకటించిన రోజు వరకూ, ఆ రెండు రోజులూ కలిపి. మనకి 2024లో పోలింగ్ మే 13న అయిపోయింది కానీ కౌంటింగ్ జూన్ 4, మధ్యలో ఉన్న మూడు వారాల్లో ఆఫీసుకి అద్దె కట్టినా కౌంటింగ్ ఏజెంట్లకి టిఫిన్లు పెట్టినా లెక్కలోకే. కరపత్రాలు నామినేషన్‌కి నెల ముందే కొట్టించి పెట్టుకున్నాం కదా అనుకోకండి, తర్వాత పంచితే అవీ లెక్కే. నామినేషన్ రోజు డప్పులతో ఊరేగింపు అయితే మొదటి పేజీలోనే రాయాలి.

బ్యాంకు ఖాతా

నామినేషన్ వేసే రోజుకి కనీసం ఒక రోజు ముందే ఎన్నికల కోసమని విడిగా కొత్త ఖాతా తెరవాలి. పాత సేవింగ్స్ ఖాతా పనికిరాదు. అభ్యర్థి పేరు మీద గానీ, ఎలక్షన్ ఏజెంట్‌తో (అభ్యర్థి తన తరఫున పనులు చూడ్డానికి కాగితం మీద పెట్టుకున్న మనిషి) జాయింట్‌గా గానీ ఉండొచ్చు, భార్యతోనో కొడుకుతోనో జాయింట్ కుదరదు (వాళ్లే ఎలక్షన్ ఏజెంట్ అయితే తప్ప). పోస్టాఫీసులో తెరిచినా ఒప్పుకుంటారు. మీ సొంత డబ్బు అయినా సరే ముందు ఈ ఖాతాలో వెయ్యాలి, తర్వాత అక్కడ్నుంచే ఖర్చు పెట్టాలి. ఇక్కడే మావాడు మొదటి రోజు తప్పు చేసాడు, జేబులోంచి తీసి డప్పులోళ్లకి ఇచ్చీసి సాయంత్రం "రాసుకో" అన్నాడు, అలగ కుదరదన్నా అని ఆ రాత్రి పెద్ద గొడవ.

చిన్న చిన్న ఖర్చులకి ఈ ఖాతాలోంచి నగదు తీసి వాడుకోవచ్చు. కానీ ఒకే మనిషికో ఒకే షాపుకో మొత్తం ఎన్నికల్లో కలిపి 10 వేలు దాటితే చెక్కో, ఆన్‌లైనో ఇవ్వాలి. రోజుకి 10 వేలు కాదు, మొత్తం మీద. టెంట్‌హౌస్ ఆయనకి 4 వేలు, 4 వేలు, 4 వేలు అని మూడు మీటింగులకి నగదు ఇచ్చారంటే మూడోసారికే దొరికిపోయారు. అలాగే మీకు చందా ఇచ్చేవాళ్ల దగ్గర కూడా ఒకరి నుంచి 10 వేలు మించి నగదు తీసుకోకూడదు.

రిజిస్టరు

నామినేషన్ వేసినప్పుడు రిటర్నింగ్ ఆఫీసు నుంచి ఒక రిజిస్టరు ఇస్తారు. తెల్ల పేజీలు పార్ట్-ఏ, ఇందులో ఏ రోజు ఖర్చు ఆ రోజు. గులాబీ పేజీలు పార్ట్-బీ, నగదు. పసుపు పేజీలు పార్ట్-సీ, బ్యాంకు. ఖర్చు చేసిన రోజు తెల్ల పేజీలో ఒకసారి, డబ్బు ఎలా వెళ్లిందో బట్టి గులాబీలోనో పసుపులోనో ఒకసారి పడాలి, అంతే కథ. ఏ రోజు ఖర్చూ లేకపోతే ఆ తేదీ వేసి "నిల్" అని రాయండి, ఖాళీ వదలొద్దు.

ప్రతిదానికీ ఓచరు కావాలి. పోస్టేజీ, రైలు టికెట్టు లాంటి ఓచరు కుదరని వాటికే మినహాయింపు. బడ్డీకొట్టులో టీ తాగితే బిల్లు ఎవడిస్తాడని అడుగుతారు, నేను చేసింది ఏటంటే ఓచరు పుస్తకాలు రెండు కొని ఒకటి ప్రచారం ఆటోలోనే పడేసాను, కొట్టు ఆయన చేత సంతకం పెట్టించి ఫోన్ నంబరు రాయించేవాళ్లం. ఓచర్ల మీద అభ్యర్థి గానీ ఎలక్షన్ ఏజెంట్ గానీ సంతకం ఉండాలి, ఒరిజినల్సే ఇవ్వాలి. లెక్కల వ్యవహారం చూసుకోడానికి ఎలక్షన్ ఏజెంట్ కాకుండా అదనంగా ఇంకో ఏజెంట్‌ని పెట్టుకోవచ్చు, నేను ఉన్నది ఆ హోదాలోనే.

ఆటోలు, కరపత్రాలు

ప్రచారం బండి ప్రతిదానికీ పర్మిషన్ తీసుకోవాలి, ఆ కాగితం అద్దానికి అతికించాలి. పర్మిషన్ తీసుకున్న బండి ఇంట్లో నిలబెట్టినా తిరుగుతున్నట్టే లెక్క, అద్దె వేసేస్తారు. రెండు రోజులకి మించి వాడకపోతే రిటర్నింగ్ ఆఫీసుకి చెప్పి పర్మిషన్ వెనక్కిచ్చీండి. మా మైకు ఆటో ఒకటి బొబ్బిలి దగ్గర ఇంజన్ పోయి నాలుగు రోజులు మెకానిక్ షెడ్డులోనే ఉంది, మేం చెప్పలేదు, నాలుగు రోజుల అద్దె మా లెక్కలో పడింది. ఎవరిదీ తప్పు కాదు, రూలే అది.

ప్రింటింగ్ ప్రెస్‌కి వెళ్తే కరపత్రం అడుగున ముద్రించినవారి పేరు అడ్రసు, ప్రచురించినవారి పేరు అడ్రసు, రెండూ వేయించండి. అదే 1951 చట్టంలో 127ఏ సెక్షన్ ఇది. ప్రచురించేవాళ్లు సంతకం చేసిన డిక్లరేషన్ మీద వాళ్లని తెలిసిన ఇద్దరు కూడా సంతకం పెట్టి ప్రెస్‌కి ఇవ్వాలి. పాటించకపోతే ఆరు నెలల వరకూ జైలు, లేదా 2 వేల వరకూ జరిమానా, లేదా రెండూ. "పర్లేదు బాబూ ఎవరు చూస్తారు" అనే ప్రెస్ దగ్గర పని పెట్టుకోకండి. టీవీ, కేబుల్, బల్క్ ఎస్సెమ్మెస్, సోషల్ మీడియా యాడ్‌లకి ముందుగానే ఎంసీఎంసీ అనే, ఎన్నికల యాడ్‌లు పరిశీలించే కమిటీ సర్టిఫికెట్ తీసుకోవాలి, ఆ ఖర్చు కూడా, వీడియోలు చేసే కుర్రాడికి ఇచ్చే జీతంతో సహా, లెక్కే.

కుర్చీల గొడవ

ఇది కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే అసలు మెలిక ఇక్కడే ఉంది.

ఒక ఊళ్లో చింతచెట్టు కింద మీటింగు పెట్టాం. 150 కుర్చీలు అద్దెకి తెచ్చాం, బిల్లు ఉంది, రాసాం. జనం అనుకున్నదానికంటే వచ్చారు (అవును, ఆశ్చర్యమే), ఆ ఊరాయన ఒకరు వాళ్లింట్లో పెళ్లికి తెప్పించుకున్న ప్లాస్టిక్ కుర్చీలు ఓ 60 పంపించారు, ఊరికే. ఎన్నికల అధికారులు పంపిన వీడియో టీం వాళ్లు ఒక మూల నిలబడి అంతా తీసారు. తర్వాత తనిఖీకి వెళ్తే మా రిజిస్టర్లో 150, వాళ్ల దగ్గరున్న షాడో రిజిస్టర్లో 210. షాడో రిజిస్టర్ అంటే మన లెక్కతో పోల్చుకోడానికి ప్రతి అభ్యర్థికీ వాళ్లు విడిగా రాసుకునే లెక్క, వీడియోలు, ఫొటోలు చూసి. మావాడు ఊరుకోలేక "ఆయన ఊరికే ఇచ్చాడు సార్, పైసా తీసుకోలేదు, అది కూడా ఖర్చేటి?" అన్నాడు. అధికారి నవ్వి "కూర్చున్నది మీ మీటింగులోనే కదండీ" అన్నారు. నోటీసు ఇచ్చారు, 48 గంటల్లో జవాబు రాయాలి, తప్పు ఒప్పుకుని ఆ 60 కుర్చీల అద్దె కలిపి రాసాం.

అంటే జేబులోంచి పోయిందే ఖర్చు కాదు, మీ ప్రచారంలో కంటికి కనబడిందంతా ఖర్చే. ఊరికే వచ్చిన వస్తువు చందా కింద లెక్క, దానికి మార్కెట్ రేటు కట్టి, ఎవరిచ్చారో పేరుతో సహా రాయాలి. రాజాంలో స్నేహితుడు అభిమానం కొద్దీ కట్టిన ఫ్లెక్సీ అయినా, వాడెవడో మీ తరఫున ఆడించిన మైకు అయినా అంతే. 2003లో చట్టం మార్చకముందు స్నేహితులూ పార్టీ పెట్టిన ఖర్చు అభ్యర్థి నెత్తిన పడేది కాదు, ఆ సందులోంచి ఏనుగులు దూరిపోయేవి. ఇప్పుడు మీ అనుమతితో ఎవరు పెట్టినా మీదే. మీకు చెప్పకుండా పెట్టారా, రాతపూర్వక అనుమతి లేకుండా అభ్యర్థి కోసం ఖర్చు పెట్టడమే నేరం, భారతీయ న్యాయ సంహిత 176వ సెక్షన్, 10 వేల వరకూ జరిమానా.

రేట్లు ఎవరు కడతారంటే కలెక్టరు, అంటే జిల్లా ఎన్నికల అధికారి, పార్టీలతో మాట్లాడి ఒక రేట్ల పట్టిక ఇస్తారు. టీ, ఇడ్లీ, షామియానా, కుర్చీ, కండువా, జీపు రోజుకి, అన్నీ ఉంటాయి. మొదటి రోజే కాపీ తెచ్చుకుని గోడకి అంటించుకోండి. ఇంకోటి, కార్యకర్తకి పులిహోర పొట్లం పెడితే ఖర్చు, అదే ఓటు కోసం ఓటరు చేతిలో పెడితే లంచం. అది ఏ రిజిస్టర్లోనూ రాయడానికి ఉండదు.

స్టార్ క్యాంపెయినర్ల (పార్టీ తరఫున ఊరూరా తిరిగి ప్రచారం చేసే పెద్ద నాయకులు) సంగతి పార్టీ అభ్యర్థులకే కాబట్టి క్లుప్తంగా: గుర్తింపు పొందిన పార్టీకి 40 మంది, మిగతా రిజిస్టర్డ్ పార్టీలకి 20 మంది. వాళ్ల హెలికాప్టర్ ఖర్చు పార్టీది. వేదిక మీద పక్కన మీరు కూర్చున్నా, అక్కడ మీ ఫొటో ఉన్నా ఆ సభ ఖర్చులో మీ వాటా మీకు పడుతుంది.

చేతిలో నగదు

అభ్యర్థి, ఏజెంట్, పార్టీ కార్యకర్త బండిలో 50 వేలు దాటి నగదు దొరికితే చెక్‌పోస్టులో పట్టుకుంటారు. ఇచ్ఛాపురం అవతల పురుషోత్తపురం దగ్గరైతే ఒడిశా బోర్డరు కాబట్టి మామూలు వ్యాపారస్తుల్ని కూడా ఆపి అడుగుతారు, పలాస జీడిపప్పు వాళ్లకి ఇది బాగా తెలుసు. బ్యాంకులో డబ్బు తీసిన స్లిప్పు, సరుకు బిల్లు దగ్గర పెట్టుకోండి. పట్టుకున్నది న్యాయమైన డబ్బే అయితే జిల్లా గ్రీవెన్స్ కమిటీకి కాగితాలు చూపించి విడిపించుకోవచ్చు.

చందా ఇచ్చేవాళ్లకి కూడా ఒక మాట. పార్టీకి 2 వేలు దాటి నగదు ఇవ్వకండి, చెక్కు లేదా ఆన్‌లైన్. 20 వేలు దాటిన చందాల వివరాలు పార్టీ ఏటా ఎన్నికల సంఘానికి చెప్పాలి. ఎలక్టోరల్ బాండ్లు 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేసింది, ఇప్పుడు లేవు. ప్రభుత్వ కంపెనీలు, విదేశీ డబ్బు అసలు కుదరదు. పాత పన్ను విధానంలో పార్టీ చందాకి ఆదాయపు పన్ను మినహాయింపు వస్తుంది కదా అని, "మాకు చెక్కివ్వండి, కమిషన్ పట్టుకుని మిగతాది వెనక్కి ఇచ్చేస్తాం" అనే చిన్న పార్టీల ఏజెంట్లు మార్చి నెలలో తిరుగుతుంటారు. నా దగ్గరికి వచ్చే ఉద్యోగస్తులకి నేను చెప్పేది ఒక్కటే, ఆ గుమ్మం తొక్కొద్దు, నోటీసు వచ్చాక ఆ ఏజెంటు ఫోన్ ఎత్తడు.

తనిఖీలు, చివరి లెక్క

ప్రచారం జరుగుతుండగా కనీసం మూడుసార్లు రిజిస్టరు తీసుకెళ్లి వ్యయ పరిశీలకుల ముందు చూపించాలి. తేదీలు ముందే చెప్తారు. ఎండలో తిరగడం మానేసి ఎవరు పోతారులే అనిపిస్తుంది, పోండి. తప్పు అప్పుడే దొరికితే చేత్తో దిద్దుకోవచ్చు.

ఫలితం వచ్చాక 30 రోజుల్లో మొత్తం లెక్క జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. 2024కి అది జూలై 4. జిల్లాల హద్దులు చూసుకోండి, ఎచ్చెర్ల అసెంబ్లీ విజయనగరం లోక్‌సభ కిందకి వస్తుంది గానీ ఉన్నది శ్రీకాకుళం జిల్లాలో, కాబట్టి అక్కడ ఎమ్మెల్యే అభ్యర్థి లెక్క శ్రీకాకుళం కలెక్టరు దగ్గర. 26వ రోజున ఒక సమావేశం పెడతారు, తేడాలేమైనా ఉంటే సరిచూసుకోడానికి, దానికి తప్పకుండా వెళ్లండి. ఇవ్వాల్సినవి: మూడు రంగుల రిజిస్టరు, ఓచర్లు, బ్యాంకు స్టేట్‌మెంట్, సారాంశ పత్రం దాని షెడ్యూళ్లతో, అఫిడవిట్. అభ్యర్థే సంతకం చెయ్యాలి. మావాడు అప్పటికి ఓటమి బెంగతో మంచం పట్టాడు, ఒక్కో పేజీ నేను తిప్పుతుంటే పడుకునే సంతకాలు పెట్టాడు.

ఇవ్వకపోతే ముందు షోకాజ్ నోటీసు వస్తుంది, 20 రోజుల్లో జవాబివ్వాలి. సరైన కారణం లేకపోతే అదే 1951 చట్టం 10ఏ సెక్షన్ కింద మూడేళ్లు ఎక్కడా పోటీ చెయ్యకుండా అనర్హత. ఇది చిన్నవాళ్లకే అనుకోకండి, జార్ఖండ్‌కి ముఖ్యమంత్రిగా చేసిన మధు కోడా 2009 ఎన్నికల ఖర్చు లెక్క తప్పుగా ఇచ్చినందుకు 2017లో మూడేళ్లు అనర్హుడయ్యారు. గెలిచినాయన పరిమితి దాటితే అది వేరే కథ, అవినీతి పద్ధతి కింద 45 రోజుల్లో ఆ నియోజకవర్గం ఓటరు గానీ, పోటీ చేసిన అభ్యర్థి గానీ హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయొచ్చు.

ఇంకో విషయం చాలామందికి తెలీదు, 1 రూపాయి ఫీజు కడితే ఏ అభ్యర్థి లెక్కనైనా ఎవరైనా చూడొచ్చు, 1961 ఎన్నికల నిర్వహణ రూల్సులో అలాగే ఉంది. మీ ఊరికి ఎన్ని కార్లొచ్చాయో, ఎన్ని మేకలు తెగాయో మీ కళ్లతో చూసారు కదా, వాళ్లు ఎంత రాసారో వెళ్లి చూడండి.

మా లెక్క ఇచ్చాక ఆఫీసులో రసీదు ఇచ్చారు. రెండు జిరాక్సులు తీసి ఒకటి నా దగ్గర ఉంచుకుని, ఒరిజినల్ వదిన చేతికిచ్చాను, అన్నయ్యకి ఇస్తే మళ్లీ నామినేషన్ కాగితాల్లో పెట్టేస్తాడని.