గుర్తింపు చోరీ జరిగితే అయ్యే ఖర్చులను బీమా నుంచి రాబట్టుకోవడం ఎలా: విశాఖ వాసులకు ఒక మార్గదర్శి

మన పాన్ నంబరుతోనో, ఆధార్ వివరాలతోనో మరెవరో అప్పు తీసుకున్నప్పుడు, ఆ అప్పు మనది కాదని రుజువు చేసుకోవలసిన బాధ్యత మన నెత్తినే పడుతుంది. ఆ రుజువు కోసం బ్యాంకు, పోలీస్ స్టేషన్, నోటరీ, వకీలు అంటూ నెలల తరబడి తిరగవలసి వస్తుంది. ఇలా తిరగడానికి అయ్యే ఖర్చును తిరిగి చెల్లించే బీమా మన దగ్గరా దొరుకుతోంది. వ్యక్తులకు అమ్మే సైబర్ బీమా పాలసీలలో ఐడెంటిటీ థెఫ్ట్ అనేది ఒక విభాగంగా ఉంటుంది; బీమా నియంత్రణ సంస్థ అయిన ఐఆర్‌డీఏఐ 2021 సెప్టెంబరులో విడుదల చేసిన మార్గదర్శక పత్రంలోనూ దీనికి చోటు ఉంది.

ముందుగా ఒక విషయం స్పష్టంగా తెలుసుకోవాలి. ఈ విభాగం చెల్లించేది ఖర్చులనే గాని, పోయిన సొమ్మును కాదు. ఖాతాలోంచి పోయిన డబ్బుకు అదే పాలసీలో వేరే విభాగం ఉంటుంది, దాని షరతులు వేరు. ఐడెంటిటీ థెఫ్ట్ విభాగం కింద సాధారణంగా వచ్చేవి ఏమిటంటే, మన పేరిట ఎవరో చేసిన పనికి మన మీద దావా పడితే దానిని ఎదుర్కొనే వకీలు ఫీజు, నేరస్థుడి మీద కేసు నడిపించే ఖర్చు, కోర్టు పిలుపుపై వెళ్ళిరావడానికి అయ్యే ప్రయాణ ఖర్చు, పత్రాల నకళ్ళ ఖర్చు. కొన్ని పాలసీలు మానసిక వైద్యుల కౌన్సెలింగ్ ఫీజును, పనికి వెళ్ళలేక కోల్పోయిన వేతనాన్ని కూడా ఇస్తాయి. ఏజెంటు చెప్పే పెద్ద మొత్తాన్ని చూసి ఈ తేడాను మరచిపోకూడదు.

పాలసీ తీసుకునే ముందు ప్రీమియం కంటే శ్రద్ధగా చూడవలసినది గుర్తింపు చోరీకి ఆ పత్రంలో ఇచ్చిన నిర్వచనం. సమాచార సాంకేతిక చట్టం 66సి సెక్షన్ ప్రకారం, మరొకరి ఎలక్ట్రానిక్ సంతకాన్ని, పాస్‌వర్డును లేదా మరే ప్రత్యేక గుర్తింపు లక్షణాన్నైనా మోసపూరితంగా వాడడం నేరం. శిక్ష మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. బీమా కంపెనీల నిర్వచనం తరచుగా ఇంతకంటే ఇరుకుగా ఉంటుంది. మన కంప్యూటరులోనో, ఫోనులోనో ఉన్న వ్యక్తిగత సమాచారాన్ని ఇంటర్నెట్ ద్వారా దొంగిలిస్తేనే వర్తిస్తుందని కొన్ని పాలసీలు అంటాయి. అప్పుడు ద్వారకానగర్‌లోని ఏదో జిరాక్స్ షాపులో మిగిలిపోయిన ఆధార్ నకలుతో ఎవరైనా సిమ్ కార్డు తీసుకుంటే, అది ఆ నిర్వచనం కిందికి వస్తుందా అన్నది పెద్ద ప్రశ్న. ఇలాగే, రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలకు నకళ్ళు తయారుచేసి ఆధార్ ఆధారిత చెల్లింపుల ద్వారా డబ్బు తీసిన కేసులు మన దేశంలో నమోదయ్యాయి. ఈ రెండు సందర్భాలనూ ఉదాహరణగా ఇచ్చి, ఇవి వర్తిస్తాయా అని కంపెనీకి ఈమెయిల్ రాసి, జవాబును దాచుకోవడం మంచిది. నోటిమాటగా ఏజెంటు ఇచ్చిన హామీ క్లెయిమ్ నాడు నిలవదు. సోషల్ మీడియాలో మన పేరుతో నకిలీ ఖాతా తెరవడాన్ని చాలా పాలసీలు వేరే విభాగంలో పెడతాయన్నది కూడా గుర్తుంచుకోవాలి.

తరువాత చూడవలసినది ఉపపరిమితి. బీమా మొత్తం ఐదు లక్షలని ముఖపత్రం మీద ఉన్నా, మనకు కావలసిన విభాగానికి పది శాతమే పరిమితి అని లోపల ఉంటే, చేతికొచ్చేది గరిష్ఠంగా 50,000 రూపాయలే. పాలసీ మొదలు కాకముందే జరిగిన చోరీ, వ్యాపార లావాదేవీలు, కుటుంబ సభ్యులే చేసిన మోసం సాధారణంగా మినహాయింపులలో ఉంటాయి. భార్యాభర్తలను, పిల్లలను కలిపి తీసుకునే పాలసీలు ఉన్నాయి గాని, ఇంట్లోని పెద్దవాళ్ళు వాటిలోకి వస్తారో లేదో అడిగి తెలుసుకోవాలి. స్టీల్ ప్లాంటులోనో, పోర్టులోనో పనిచేసి పదవీ విరమణ చేసినవారి ఖాతాల మీదే మోసగాళ్ళ కన్ను ఎక్కువగా ఉంటుందని నా అభిప్రాయం. కాబట్టి ఈ ప్రశ్న చిన్నదేమీ కాదు.

ఇక చోరీ జరిగినట్టు తెలిసిన రోజు సంగతి. డబ్బు పోయి ఉంటే మొదట సైబర్ మోసాల హెల్ప్‌లైన్ అయిన 1930 నంబరుకు, బ్యాంకుకు ఫోన్ చేయాలి. రిజర్వ్ బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, తప్పు మనదీ బ్యాంకుదీ కాక మూడో పక్షం వల్ల జరిగినప్పుడు, ఆ లావాదేవీ గురించి బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాలలో బ్యాంకుకు తెలియజేస్తే ఖాతాదారుకు నష్టభారం ఉండదు. ఇక్కడ తిరిగి వచ్చిన సొమ్మును బీమాలో మళ్ళీ అడగడానికి వీలుండదు గనుక, బ్యాంకుతో జరిపిన ఉత్తర ప్రత్యుత్తరాలన్నీ జాగ్రత్త చేయాలి.

జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు చేస్తే వచ్చే రసీదు సంఖ్యనే ఎఫ్‌ఐఆర్ అనుకుని చాలామంది ఆగిపోతారు. బీమా కంపెనీ అడిగేది ఎఫ్‌ఐఆర్ ప్రతి. అందుకోసం నగర పోలీసు కమిషనరేట్‌కు చెందిన సైబర్ క్రైమ్ పోలీస్ స్టేషన్‌లో గాని, మీ పరిధిలోని స్టేషన్‌లో గాని లిఖితపూర్వక ఫిర్యాదు ఇవ్వాలి. నేర విచారణ పద్ధతిని నిర్దేశించే చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఏ పరిధిలో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు, ఎఫ్‌ఐఆర్ ప్రతిని ఉచితంగా పొందవచ్చు. నమోదు చేయడానికి నిరాకరిస్తే, అదే ఫిర్యాదును పై అధికారికి తపాలాలో పంపే హక్కు ఆ సెక్షనే ఇస్తోంది. కొన్ని పాలసీలు బ్యాంకుకు, పోలీసులకు 72 గంటలలోగా తెలపాలనే గడువు పెడతాయి కాబట్టి ఈ పనిని వారాంతం దాటనివ్వకూడదు.

క్లెయిములు ఎక్కువగా దెబ్బతినే మలుపు దీని తరువాతే వస్తుంది. కంగారులో ముందు వకీలును పెట్టుకుని, ఫీజు కట్టి, తీరిగ్గా బీమా కంపెనీకి చెబుతారు. న్యాయ ఖర్చులకు కంపెనీ ముందస్తు లిఖిత అనుమతి ఉండాలని దాదాపు ప్రతి పాలసీలోనూ రాసి ఉంటుంది. ఆ అనుమతి లేకపోతే ఫీజు రసీదు ఎంత పక్కాగా ఉన్నా క్లెయిమ్‌ను తోసిపుచ్చడానికి వాళ్ళకు అదొక్కటే చాలు. కాబట్టి ఎఫ్‌ఐఆర్ చేతికి వచ్చిన రోజే, వీలైతే అంతకు ముందే, కంపెనీకి ఈమెయిల్‌లో సంగతి తెలిపి, క్లెయిమ్ నంబరు తీసుకుని, వకీలు పేరు, ఫీజు అంచనా పంపి, అనుమతి వచ్చాకే వకాలత్ మీద సంతకం పెట్టాలి.

రసీదుల విషయానికి వస్తే, ఒక ఫైలు, ఒక నోటు పుస్తకం చాలు. పుస్తకంలో తేదీ, ఎక్కడికి, ఎందుకు, ఎంత అనే నాలుగు గళ్ళు గీసుకుని వెళ్ళిన ప్రతిసారీ నింపాలి. గాజువాక నుంచి జిల్లా కోర్టుకు వచ్చిన ఆర్టీసీ బస్సు టికెట్టు మీద అచ్చు కొన్నాళ్ళకే వెలిసిపోతుంది గనుక, అదే రోజు ఫొటో తీసి, టికెట్టును తెల్ల కాగితానికి అంటించి పక్కన కోర్టు సమన్ల నంబరు రాయాలి. షేర్ ఆటోకు రసీదు ఉండదు. యాప్‌లో బుక్ చేసిన ఆటోకు ఉంటుంది. జిరాక్స్ షాపులో తెల్ల చీటీ కాకుండా షాపు పేరున్న బిల్లు అడగాలి. నోటరీ రుసుముకూ, స్టాంపు పేపరుకూ ఇదే పద్ధతి. వేతన నష్టం అడగదలిస్తే, సెలవు జీతం లేనిదని మీ ఆఫీసు ఇచ్చిన ధ్రువపత్రం కావాలి.

ఈలోగా సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థల నుంచీ మీ రుణ నివేదికలు తెప్పించుకోండి. ఏడాదికి ఒకసారి ప్రతి సంస్థా పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. మీరు తీసుకోని అప్పు ఒక్కదానిలో కనిపించినా ఫిర్యాదు చేయండి. 30 రోజులలోగా పరిష్కరించకపోతే ఆ తరువాత రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. ఆ ఫిర్యాదు ప్రతులు క్లెయిమ్‌కూ పనికొస్తాయి. మీ పేరిట ఎన్ని మొబైల్ కనెక్షన్లు ఉన్నాయో సంచార్ సాథీ పోర్టల్ చూపిస్తుంది.

కంపెనీ క్లెయిమ్‌ను తిరస్కరిస్తే, కారణాన్ని ఏ నిబంధన కింద చూపారో రాతపూర్వకంగా అడిగి, ముందు వారి ఫిర్యాదుల విభాగానికే రాయాలి. నెల రోజులలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సబబుగా లేకపోయినా బీమా కంపెనీల మీద ఫిర్యాదులను పరిష్కరించే అధికారి అయిన హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఆంధ్రప్రదేశ్ ఆ కార్యాలయ పరిధిలోనే ఉంది, రుసుము లేదు, వకీలు అక్కరలేదు, ఫిర్యాదును ఆన్‌లైన్‌లోనే పంపవచ్చు. అయితే కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోగా వెళ్ళాలి. విశాఖలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళదలిస్తే గడువు రెండేళ్ళు. ఒకే వివాదం కమిషన్ ముందు ఉండగా అంబుడ్స్‌మన్ దానిని స్వీకరించరు గనుక, చిన్న మొత్తాల క్లెయిములకు మొదట అంబుడ్స్‌మన్ దగ్గరకే వెళ్ళడం మేలు.