ఎండ పడే హాలుకు పెద్ద టీవీ ఎంచుకోవడం ఎలా?

తిరుపతిలో ఇల్లు కట్టుకునేవాళ్లు గానీ ఫ్లాటు కొనేవాళ్లు గానీ ముందు అడిగేది కొండ కనబడే కిటికీ. తీరా గృహప్రవేశం అయ్యాక ఆ కిటికీకి సరిగ్గా ఎదురుగోడ మీదే టీవీ బిగించేస్తారు. ఇక పగలంతా తెరమీద సీరియల్ కంటే కిటికీ గ్రిల్లే బాగా కనబడుతుంది. అందుకే షోరూంకు వెళ్లకముందే ఇంట్లో చేసుకోవాల్సిన పని కొంత ఉంది.

ముందు గోడ

మీరు రోజూ టీవీ చూసే వేళకు సోఫాలో మీ చోట కూర్చోండి. టీవీ పెట్టాలనుకున్న చోట ఎవరినైనా ఒక పెద్ద అద్దం పట్టుకోమనండి. కిటికీ, వీధి గుమ్మం, ట్యూబ్‌లైట్, ఎండకు మెరిసే టైల్స్... అద్దంలో ఏవేవి కనబడితే రేపు తెరలోనూ అవే కనబడతాయి. అవి తప్పుకునేదాకా అద్దాన్ని జరిపి చూడండి. చాలా ఇళ్లలో కిటికీ ఉన్న గోడకు పక్కగోడ సరిపోతుంది. కిటికీ ఉన్న గోడకే టీవీ పెడితే ప్రతిబింబం రాదు కానీ, దాని పక్కనుంచి వచ్చే వెలుతురు కళ్లకు కొడుతుంది.

కొండ ఊరికి ఉత్తరాన ఉంది. కాబట్టి కొండవైపు కిటికీలోంచి ఏడాదిలో ఎక్కువ కాలం వెలుతురే తప్ప ఎండ నేరుగా రాదు. అయితే ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు సగం దాకా మనకు మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి ఉంటాడు. ఆ నెలల్లో పొద్దునా సాయంత్రం ఏటవాలు ఎండ ఉత్తరపు కిటికీలోకీ దూరుతుంది. జనవరిలో గోడ ఖాయం చేసుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. పడమటి కిటికీ మాత్రం అన్నిటికన్నా మొండిది. దానికి మందపాటి కర్టెన్ తప్పదు. ఎన్ని లక్షలు పెట్టినా ఏ టీవీ ఎండతో పోటీపడలేదు.

వాస్తు ప్రకారం ఆగ్నేయంలోనే పెట్టాలని ఇంట్లో పెద్దవాళ్లు పట్టుబడితే, పక్కకు తిరిగే బ్రాకెట్ తీసుకోండి. వాళ్ల మాటా నెగ్గుతుంది, మీకు బొమ్మా కనబడుతుంది.

సైజు

సోఫా నుంచి గోడకు ఉన్న దూరాన్ని అంగుళాల్లో కొలిచి 1.5తో భాగించండి. 8 అడుగులుంటే 65 అంగుళాల టీవీ, 7 అడుగులుంటే 55 సరిపోతుంది. ఇది 4కె టీవీల లెక్క. ఇంట్లో ఎక్కువగా మామూలు ఎస్‌డీ ఛానళ్లే చూస్తే 75కు పోవద్దు, అంత తెరమీద ఆ బొమ్మ మసకబారిపోతుంది. లిఫ్ట్, మెట్ల మలుపు కూడా కొలుచుకోండి. పెద్ద టీవీ పెట్టెను పడుకోబెట్టి తేకూడదు.

ప్యానెల్

తెర వెలుగును నిట్స్‌లో చెబుతారు. చవక ఎల్‌ఈడీ టీవీలు చాలావరకు 250 నుంచి 350 నిట్స్ దగ్గరే ఆగిపోతాయి, పగటి వెలుతురులో వాటి బొమ్మ వెలవెలబోతుంది. వెలుతురు హాలుకు కనీసం 500 ఉండాలి. కిటికీకి ఎదురుగా పెట్టక తప్పకపోతే 1000 దాకా వెళ్లే మినీ ఎల్‌ఈడీ (తెర వెనక బుల్లి బుల్లి ఎల్‌ఈడీ దీపాలు బోలెడు ఉండే రకం) చూడండి. అయితే కంపెనీలు గొప్పగా చెప్పే అంకె తరచూ తెరలో చిన్న ముక్క కొద్దిసేపు మెరిసినప్పటిది. క్రికెట్ మ్యాచ్‌లోనో న్యూస్ స్టూడియోలోనో తెరంతా వెలగాలి. రివ్యూల్లో మొత్తం తెర వెలుగు ఎంతో వెతికి చూసుకోండి.

క్యూఎల్‌ఈడీ అన్న పేరు చూసి మోసపోవద్దు. అది రంగుల సంగతే చెబుతుంది, వెలుగుకు హామీ ఇవ్వదు. ఓఎల్‌ఈడీలో, అంటే తెరలోని ప్రతి చుక్కా దానంతట అదే వెలిగే రకంలో, నలుపు అద్భుతంగా ఉంటుంది, రాత్రి సినిమాలకు దానికి సాటిలేదు. కానీ తెరంతా తెల్లగా వచ్చే దృశ్యాల్లో దాని వెలుగు తగ్గుతుంది. పైగా కదలని లోగోలు, కింద స్క్రోలింగ్ పట్టీలు గంటలకొద్దీ ఉంటే కాలక్రమేణా వాటి మచ్చ తెరమీద మిగిలిపోవచ్చు. పొద్దున లేవగానే అవ్వ ఎస్వీబీసీ పెడితే, ఆ తర్వాత తాత న్యూస్ ఛానల్ పెట్టి రాత్రిదాకా ఆపని ఇంటికి నేనైతే ఓఎల్‌ఈడీ చెప్పను.

తెర పైపూత కూడా చూడాలి. నున్నని తెరలో కిటికీ స్పష్టంగా కనబడుతుంది. మ్యాట్ తెర ఆ వెలుతురును చెదరగొడుతుంది కానీ, గది బాగా వెలుగుతుంటే నలుపు కాస్త బూడిదరంగుకు తిరుగుతుంది. పగలు ఎక్కువగా చూసేవాళ్లకు మ్యాటే మేలు.

షోరూంలో

అక్కడి టీవీలన్నీ కళ్లు జిగేల్మనే షోరూం మోడ్‌లో ఉంటాయి. స్టాండర్డ్‌కు మార్చమని అడగండి. యూట్యూబ్‌లో రాత్రిపూట గరుడసేవ వీడియో పెట్టించండి. వాహనం మీది నగలు ఏ టీవీలోనైనా మెరుస్తాయి, మాడవీధిలో చీకట్లో ఉన్న జనం తలలు విడివిడిగా కనబడుతున్నాయా అన్నదే చూడాలి. పక్కకు జరిగి, కిందికి వంగి కూడా చూడండి. కొన్ని తెరలు ఎదురుగా బాగుండి పక్కనుంచి పాలిపోతాయి. తర్వాత టీవీ ఆఫ్ చేయించి, సెల్‌ఫోన్ టార్చ్ వేసి, ఆ వెలుగు తెరమీద చుక్కలా ఉందో మసకగా పరుచుకుందో గమనించండి.

ధర దగ్గర ఒక మాట. 32 అంగుళాలు దాటిన టీవీలపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకు ముందటి ధర చూపించి డిస్కౌంట్ అంటే ఒప్పుకోవద్దు.

బిగించేటప్పుడు

కూర్చున్నప్పుడు తెర మధ్యభాగం మీ కంటికి సూటిగా రావాలి. సెట్టింగ్స్‌లో ఎకో లేదా పవర్ సేవింగ్ ఆన్‌లో ఉంటే తీసేయండి. కొత్త టీవీ డల్‌గా ఉందని టెన్షన్ పడేవాళ్లలో చాలామందికి కారణం అదే. డాల్బీ విజన్ (వెలుగునీడల తేడా బాగా చూపే ఒక వీడియో రకం) సినిమాలు పగలు మరీ చీకటిగా అనిపిస్తే, ఆ మెనూలోనే బ్రైట్ రకం ఉందేమో చూడండి. చివరగా, బిగించడానికి వచ్చిన అబ్బాయి వెళ్లిపోకముందే తెల్లటి బొమ్మ ఒకటి, నల్లటి బొమ్మ ఒకటి తెరంతా పెట్టి, గీతలు గానీ వెలగని చుక్కలు గానీ ఉన్నాయేమో అతని ఎదుటే చూసుకోండి.