చిన్న బట్టల దుకాణం నడపడం – 4వ పాఠం: బతుకమ్మ, దసరా రోజుల డ్యూటీ చార్టు

పోయిన పాఠంలో మీకొక పని చెప్పాను. వారం రోజులపాటు గంటగంటకూ షాపులోకి ఎంతమంది వచ్చారో గల్లా పక్కన నోటుబుక్కులో గీతలు పెట్టమన్నాను. ఈ రోజు ఆ బుక్కుతో పని పడుతుంది. గీతలు పెట్టనివాళ్లు పాఠం ఇక్కడే ఆపి, ఆ వారం పూర్తి చేసి రండి. అందాజా మీద రాసిన చార్టు పండుగ రద్దీలో రెండో రోజుకే తప్పుతుంది.

తెలంగాణలో చిన్న పట్టణపు బట్టల దుకాణానికి పెత్రమాస, అంటే భాద్రపద అమావాస్య, నుంచి దసరా దాకా సుమారు పన్నెండు రోజులే అసలు సీజను. పెత్రమాస నాడే వచ్చే ఎంగిలిపూల బతుకమ్మతో మొదలైన గిరాకీ సద్దుల (చివరి రోజు పెద్ద బతుకమ్మ) ముందు రోజు వరకూ పెరుగుతూనే ఉంటుంది. 2025లో పెత్రమాస సెప్టెంబరు 21న, సద్దులు 30న, దసరా అక్టోబరు 2న వచ్చాయి. తేదీలు ఏటా మారతాయి కాబట్టి ముందు క్యాలెండరులో ఈ మూడింటికీ సున్నా చుట్టండి.

మన షాపులో చీరలు విప్పి చూపించే అమ్మాయికీ, చీర కొనడానికొచ్చే అక్కకూ పండుగ ఒక్కటే. కొనేవాళ్లు బతుకమ్మ పేర్చుకునే వేళకే అమ్మేవాళ్లూ పేర్చుకోవాలి. మొదటి ఏడాది నాకు ఇది తట్టలేదు. ఎవరినీ అడగకుండా చార్టు రాసి గోడకు అంటించాను. సద్దుల రోజు ఇద్దరు అమ్మాయిలు రాలేదు. కోపంతో ఆ రోజు జీతం కోశాను. అందులో ఒకమ్మాయి దీపావళికి ముందే మానేసింది. పట్టుచీరల బీరువాలో ఏది ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలిగిన మనిషి ఆమె. ఆ రోజు సాయంత్రం షాపులో గిరాకీ కూడా లేదు. ఊరి ఆడవాళ్లంతా చెరువుగట్టు మీదే ఉన్నారు. ఆమెను ఆపి నేను చేయించుకునే పనేమీ లేదని అప్పుడు అర్థమైంది. అప్పటి నుంచి చార్టులో సెలవులు ముందు రాస్తాను, మిగిలిన గళ్లలో డ్యూటీలు నింపుతాను.

సెలవులు అడిగే పద్ధతి ఇది. వినాయక నిమజ్జనం అయిన మర్నాడే ఒక్కొక్కరికీ ఒక చీటీ ఇవ్వండి. పెత్రమాస పొద్దున, సద్దులు, దసరా, దసరా మర్నాడు... వీటిలో తప్పనిసరిగా కావలసిన రోజు ఒకటి, దొరికితే బాగుంటుందనుకునే రోజు ఒకటి రాయమనండి. అందరి ముందూ నోటితో అడగొద్దు. కొత్తగా చేరిన అమ్మాయి పాతవాళ్ల ముందు నోరు విప్పదు. వాళ్ల ఊళ్లో సద్దులు ఏ రోజో కూడా చీటీలో రాయించండి. వేములవాడలో ఏడో రోజుకే సద్దులు చేసుకుంటారు. అటువైపు నుంచి వచ్చే మనిషి ఉంటే, మీ ఊరి సద్దుల రోజు ఆమెకు మామూలు రోజే కావచ్చు, రెండు రోజుల ముందు మాత్రం తప్పక వదలాలి.

బతుకమ్మ ఆడని వాళ్లనూ అడగాలి. మా దగ్గర ఆల్టరేషన్ చేసే మాస్టరు ముస్లిం. ఆయనకు సెలవు అక్కర్లేదని నా అంతట నేనే అనుకుని ఏటా సద్దుల సాయంత్రం ఆయన్నే ఉంచేవాణ్ణి. ఒకసారి ఆయనే చెప్పాడు: “సేఠ్, ఉంటా. కానీ రంజాన్ నెలలో నాలుగింటికే పంపాలె.” న్యాయమైన మాట. అది హాజరు పుస్తకం వెనక అట్ట మీద రాసిపెట్టుకున్నాను. ఇలాంటి ఇచ్చిపుచ్చుకోవడం నోటిమాటగా వదిలేస్తే ఆర్నెల్లకు మరిచిపోతాం.

ఇప్పుడు లెక్క. మీ దగ్గర ఎనిమిది మంది ఉన్నారనుకుందాం. షాపు పొద్దున 9:30 నుంచి రాత్రి 9:30 దాకా, వారమంతా తెరిచే ఉంటుంది. మన షాపుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అంటుంది. అది దాటిన ప్రతి గంటకూ రెట్టింపు కూలి ఇవ్వాలి. అంటే ఒక్కొక్కరికీ వారానికి ఆరు డ్యూటీలు, మొత్తం 48 డ్యూటీలు. రోజూ ఒకరికి సెలవిచ్చి ఏడుగురిని పెడితే ఏడు రోజులకు 49 డ్యూటీలు కావాలి. ఒకటి తక్కువైంది. దీన్ని పక్కన పెట్టుకోండి, కాసేపట్లో దొరుకుతుంది.

ఏడుగురినీ ఒకే వేళకు రమ్మంటే పొద్దున ఖాళీగా కూర్చుంటారు, రాత్రికి అలసిపోతారు. మీ గీతల బుక్కులో సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాకా గీతలు చిక్కగా ఉంటాయి. అందుకని డ్యూటీని మూడు రకాలుగా విడగొట్టండి. షాపుకు దగ్గర్లో ఇల్లున్న ముగ్గురు 9:30కు వచ్చి ఒంటిగంటకు ఇంటికి వెళ్లి, మళ్లీ 4:30 నుంచి 9 దాకా చేస్తారు. పల్లెల నుంచి బస్సులో వచ్చే ఇద్దరు 10:30 నుంచి 7:30 వరకు, మధ్యలో గంట భోజనం. మిగిలిన ఇద్దరు 12:30 నుంచి 9:30 వరకు, వాళ్లకూ గంట విరామం, షట్టరు వేసే పని వాళ్లదే. కూడి చూడండి, ఎవరికీ ఎనిమిది గంటలు దాటదు. 4:30 నుంచి 7:30 వరకు ఏడుగురూ షాపులోనే ఉంటారు.

రెండోసారి వచ్చే డ్యూటీని దూరం ఇల్లున్నవాళ్లకు వేయకండి. మధ్యాహ్నం మూడున్నర గంటలు గోడౌనులో మూటల మీద ఒరిగి గడిపితే అది విరామం కాదు. బస్సు డ్యూటీ ఉన్నవాళ్లను “ఈ ఒక్క బిల్లు అయ్యాక పో” అని ఆపకండి. ఆ పిల్ల చివరి బస్సు తప్పితే రాత్రి ఊరి దాకా చేర్చాల్సింది మనమే.

ఇక ఆ తక్కువైన డ్యూటీ. సద్దుల రోజు మీ గీతల బుక్కు ఎలా ఉంటుందో పోయినేటి బిల్లు పుస్తకం చూస్తే తెలుస్తుంది. మధ్యాహ్నం వరకు చివరి నిమిషం జాకెట్టు ముక్కలు, ఫాల్స్, పిల్లల లంగాలు పోతాయి. నాలుగు దాటాక గిరాకీ పడిపోతుంది. ఆ రోజుకు ఆరుగురు చాలు, ఇద్దరికి పూర్తి సెలవు. అక్కడికి 48 డ్యూటీలు సరిపోయాయి. మూడున్నర అయ్యేసరికి ఆరుగురిలో నలుగురిని పంపేయండి, జీతం కోయకుండా. ఉంటామని ముందే చీటీలో రాసిన ఇద్దరు ఎనిమిదింటికి షట్టరు దించుతారు. పూలు కూడా ఆ రోజు పొద్దున్నే దొరకాలి కదా, అందుకే ముందు రాత్రి 9:30 డ్యూటీ ఎవరికి పడిందో చూసి, వాళ్లకు సద్దుల పొద్దుటి డ్యూటీ పడకుండా చూడండి.

దసరా రోజు మేం షాపు తెరవం. మీరు తెరవదలిస్తే, 1974 నాటి పండుగ సెలవుల చట్టం ఒకటుందని గుర్తుంచుకోండి. సెలవు రోజున పని చేసినవాళ్లకు రెట్టింపు జీతమైనా ఇవ్వాలి, ఆ రోజు జీతంతోపాటు మరో రోజు సెలవైనా ఇవ్వాలి. ఏది ఇస్తారో ముందే చెప్పండి.

రద్దీ మరీ ఎక్కువైతే డిగ్రీ కాలేజీ పిల్లలను సాయంత్రాలకు తీసుకోవచ్చు, వాళ్లకూ అప్పుడు దసరా సెలవులే. మడతలు, ట్రయల్ రూము, కవర్లు వాళ్లకివ్వండి. బిల్లింగు వద్దు. బంధువుల చిన్నపిల్లలను మడతలకు కూర్చోబెట్టే అలవాటు మన బజార్లలో ఉంది. 14 ఏళ్లలోపు పిల్లలను పనిలో పెట్టడం నేరం, సెలవుల్లో అయినా సరే.

చార్టు పూర్తయ్యాక షాపులో అంటించండి, ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టండి. తర్వాత మార్చాల్సి వస్తే డ్యూటీలు మార్చుకునే ఇద్దరూ ఒప్పుకున్నాకే కొట్టివేసి, పక్కన ఇద్దరి సంతకాలూ తీసుకోండి. యజమాని ఒంటరిగా పెన్ను పట్టుకుని మార్చిన చార్టును రెండోసారి ఎవరూ నమ్మరు.

వచ్చే పాఠానికి మీ పని: మీ సొంత మనుషుల సంఖ్యతో వారం డ్యూటీలు లెక్కగట్టండి. మనుషులను ఆరుతో గుణిస్తే ఒక అంకె, రోజూ కావలసినవాళ్లను ఏడుతో గుణిస్తే ఇంకో అంకె. రెండింటి తేడా ఎంతో రాయండి, ఆ తేడా ఏ రోజు పూడుతుందో బిల్లు పుస్తకంలో వెతకండి. చీటీలు కూడా తీసుకుని ఉంచండి. దసరా అడ్వాన్సులు, ఇనాముల లెక్క వాటి మీదే చేద్దాం.