పనుల రోజుల తిండి, ఖాళీ రోజుల ఒళ్ళు: సమస్య – పరిష్కారం

కోస్తా డెల్టాలో పని ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు. సార్వా (వానాకాలం పంట) నాట్లు, దాళ్వా (రెండో పంట) కోతలు, కొబ్బరి దింపులు, రొయ్యల పట్టుబళ్ళు ఉన్నన్నాళ్ళూ ఒళ్ళు హూనమైపోతుంది. కాలువలు కట్టేసిన ఎండాకాలంలో అరుగు మీదే పొద్దుపోతుంది. కంచంలో అన్నం మాత్రం రెండు కాలాల్లోనూ ఒకటే. ఇక్కడి బరువు సమస్యలు చాలావరకు ఈ తేడాలోంచే పుడతాయి. ఇంకో పొరపాటు, అలసటని పనికి కొలతగా తీసుకోవడం. పార పట్టినా అలుపే, నిద్ర లేకపోయినా అలుపే. కానీ నిద్రలేని అలుపులో ఒంట్లో కొవ్వు కరగదు.

ముందు కొలత సరిగా ఉండాలి. పొద్దున్నే మూత్రానికి వెళ్ళొచ్చాక, ఏమీ తాగకముందు, ఎప్పుడూ ఒకే కాటా మీద, వారానికి రెండుసార్లు చూసుకుని కేలండర్‌లో ఆ తేదీ గడిలోనే రాయండి. కాటా లేకపోతే మొలతాడు చెబుతుంది. స్నానం చేసేటప్పుడు తాడు కిందికి జరిపి చూడండి. చర్మం మీద ఎర్రగా గాడి పడి ఉన్నా, మునుపు దూరే రెండు వేళ్ళు ఇప్పుడు దూరకపోయినా నడుం పెరుగుతున్నట్టే. బొడ్డు దగ్గర టేపు పెడితే మగవాళ్ళకి 90, ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు దాటకూడదు. బరువు మామూలుగానే ఉన్నా ఈ కొలత దాటితే జాగ్రత్తపడాల్సిందే.

సమస్య: కోతలయ్యాక రెండు నెలల్లో 3, 4 కిలోలు పెరిగారు

కారణం: హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం 65 కిలోల మగవాడు బరువు పని చేస్తే రోజుకి 3470 కేలరీలు కావాలి. మధ్యరకం పనికి 2710, కూర్చుని చేసే పనికి 2110 చాలు. బరువు పని నుంచి మధ్యరకం పనికి మారినా రోజుకి 760 మిగిలిపోతాయి. కిలో కొవ్వు అంటే దాదాపు 7700 కేలరీలు. కాగితం మీద పది రోజులకో కిలో పెరగాలి. పని తగ్గితే ఆకలీ కొంత తగ్గుతుంది కాబట్టి అంత జోరుగా పెరగదు గానీ, పెరగడం ఆగదు. కోత మిషన్లు వచ్చాక కోతల రోజుల్లో కూడా చాలామంది గట్టు మీదే నిలబడుతున్నారు, తిండి మాత్రం కొడవలి పట్టిన రోజుల తిండే.

పరిష్కారం: రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పుకి సుమారు 150 గ్రాముల బియ్యం పడతాయి, అంటే 520 కేలరీలు. పెద్ద చెంచా నూనె 120. మనిషికి రోజు మొత్తం మీద ఒక కప్పు బియ్యం, రెండు పెద్ద చెంచాల నూనె తగ్గితే ఆ 760కి సరిపోతుంది. ఒక్కరోజులో తగ్గించొద్దు, రాత్రి పదింటికల్లా జంతికల డబ్బా మూత తీస్తారు. వారానికి పావు కప్పు చొప్పున నాలుగు వారాల్లో దించండి. ఆ చోట ఆనపకాయ, బీరకాయ, తోటకూర, ఓ చేప ముక్క పెంచండి. పులుసు మీద తేలిన నూనె గరిటెతో తీసేయండి.

అసలు చిక్కు మారు వడ్డనలో ఉంది. పప్పుకో మారు, పులుసుకో మారు, పెరుగుకో మారు పెట్టుకుంటుంటే ఎంత తిన్నారో తెలియదు. మొత్తం అన్నం ఒకేసారి కంచంలో పెట్టుకుని, వేలితో మూడు భాగాలు చేసి, ఒక్కో భాగం ఒక్కోదానితో తినండి. గిన్నె వంటింట్లోనే ఉంచండి. షుగరుకి మాత్రలో ఇన్సులినో వాడేవాళ్ళు మాత్రం డాక్టరుని అడక్కుండా అన్నం తగ్గించకూడదు, చక్కెర ఉన్నట్టుండి పడిపోతుంది.

సమస్య: పనిలోకి దిగిన నాలుగు రోజుల్లో 2 కిలోలు తగ్గి, పని ఆపగానే మళ్ళీ వచ్చేశాయి

తగ్గింది నీళ్ళే, కొవ్వు కాదు. మన ఉక్కపోతలో చెమట ఆరదు, కారిపోతూనే ఉంటుంది. పనికి ముందూ తర్వాతా బరువు చూస్తే, తగ్గిన ప్రతి కిలోకీ దాదాపు లీటరు నీరు పోయిందని లెక్క. దాహం వేసేదాకా ఆగకుండా ఇరవై నిమిషాలకో గ్లాసు తాగండి. మజ్జిగలో ఉప్పు వేసుకోండి. కళ్ళు తిరిగితే లీటరు నీళ్ళలో పంచదార ఆరు చిన్న చెంచాలు, ఉప్పు అర చిన్న చెంచా, రెండూ తలకొట్టి కలిపి తాగాలి. తలనొప్పి, వాంతులు, మాట తడబడటం ఉంటే నీడకి చేర్చి తడి గుడ్డలు కప్పి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

సమస్య: రోజంతా కష్టమే, పొట్ట మాత్రం తగ్గదు

గట్టు మీద టీలు లెక్కపెట్టండి. ఆరు టీలు, టీకి రెండు చెంచాల పంచదార అంటే 240 కేలరీలు, పాలవి మరో 200. ఇది కుక్కర్ కప్పు బియ్యానికి కాస్తే తక్కువ. సాయంత్రం ఒళ్ళునొప్పులకని క్వార్టర్ వేస్తే 400 పైనే, పక్కన బజ్జీలు వేరే. మందుతో నొప్పి తెలియదు గానీ నిద్ర తెగిపోతుంది, మర్నాటి అలుపు రెట్టింపవుతుంది.

ఖాళీ కడుపున టీతో పనిలోకి వెళ్ళడం ఇంకో కారణం. ఎండకి మధ్యాహ్నం ఆకలి చస్తుంది, ఆ లోటంతా రాత్రి కంచంలో తీరుతుంది. పొద్దున్న పెరుగేసిన చద్దన్నం, ఉల్లిపాయ, ఉడకబెట్టిన గుడ్డు తిని వెళ్ళండి. టీలు మూడుకి, పంచదార ఒక చెంచాకి దించండి.

సమస్య: రొయ్యల చెరువు కాపలా, ఎప్పుడూ అలసటే, అయినా బరువు పెరుగుతోంది

తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు చూసుకునేవాళ్ళకి సరిగ్గా గాఢనిద్ర వేళే మెలకువ. నిద్ర తక్కువైతే ఆకలి పుట్టించే హార్మోను పెరిగి, కడుపు నిండిందని చెప్పేది తగ్గుతుంది. అందుకే బిస్కెట్లు, మిక్చరు మీదికి చెయ్యి పోతుంది. నడకేమో గట్టు వరకే.

రాత్రి భోజనం ఎనిమిదిలోపు కానివ్వండి. నడిరేయి ఆకలేస్తే ఉడికించిన శనగలు గుప్పెడు. రాత్రి రెండు గంటలు దాటాక టీ వద్దు, తెల్లారాక పట్టే నిద్రని చెడగొడుతుంది. పగలు చీకటి గదిలో ఏడు గంటలు పడుకోవాలి. ఇద్దరు కాపలా ఉంటే రోజుమార్చి రోజు కాకుండా వారానికోసారి మార్చుకోండి, నిద్ర ఒక పద్ధతికి అలవాటు పడుతుంది.

సమస్య: అడుగు వేస్తే ఆయాసం, ఒళ్ళు తగ్గిపోతోంది

ఇంట్లో అందరూ తిన్నాక మిగిలిన అన్నం, పచ్చడితో సరిపెట్టుకునే ఆడవాళ్ళలో ఇది ఎక్కువ. 55 కిలోల మనిషికి రోజుకి దాదాపు 46 గ్రాముల మాంసకృత్తులు కావాలి. గుడ్డుకి 6, వంద గ్రాముల చేపకి 18 దాకా వస్తాయి. కూర ముక్క ముందే ఆమె గిన్నెలో తీసిపెట్టండి.

హిమోగ్లోబిన్ పరీక్షలో ఆడవాళ్ళకి 12, మగవాళ్ళకి 13 కంటే తక్కువుంటే రక్తహీనత. చెప్పుల్లేకుండా బురదలో తిరిగేవాళ్ళకి కొంకి పురుగులు పాదాల గుండా ఎక్కి పేగుల్లో రక్తం తాగుతాయి. డాక్టరు చెబితే ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి వేస్తారు. ఐరన్ మాత్ర నిమ్మనీళ్ళతో వేసుకోవాలి, ముందూ వెనకా గంటసేపు టీ తాగకూడదు.

ప్రయత్నం లేకుండానే ఆరు నెలల్లో 60 కిలోల మనిషి 3 కిలోలు తగ్గితే తిండి మార్చి చూద్దామని ఆగొద్దు. దాహం, మాటిమాటికీ మూత్రం ఉంటే షుగరు పరీక్ష. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం ఉంటే క్షయ ఉందేమోనని కళ్ళె పరీక్ష, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. బరువు పెరుగుతూ నీరసం, చలి, మలబద్ధకం ఉంటే థైరాయిడ్. వెళ్ళేటప్పుడు బరువులు రాసిన ఆ కేలండర్ కాగితాలు చింపి పట్టుకెళ్ళండి. ఎప్పటినుంచి, ఎంత తగ్గిందని డాక్టరు ముందుగా అడిగేది అదే.