వాననీటి పరీక్ష, 3వ పాఠం: మొదటి సీసా

గత పాఠంలో డాబా మీద బకెట్టు పెట్టి, వాన లేని రోజుల్లో గాలిలోంచి రాలే దుమ్మును పట్టాం. ఆ దుమ్మును పారేయకండి, దానితో పని ఉంది. ఈసారి రోడ్డు మీద పారే వాననీటిని వరసగా సీసాల్లోకి పడదాం.

నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు వాన కాస్త తగ్గాక తీరిగ్గా వెళ్లి ఒక్క సీసా నింపుకొచ్చాను. నీళ్లు తేటగా ఉన్నాయి. మా వీధి శుభ్రంగానే ఉందని రాసుకున్నాను. అది తప్పు. రోజుల తరబడి పేరుకున్న మురికిలో చాలా భాగం వాన మొదలైన కాసేపటికే కొట్టుకుపోతుంది. నేను వెళ్లేసరికే అది కాలువ దాటిపోయింది.

ఒంగోలులో ఉన్నవాళ్లకు కర్నూలు రోడ్డు మంచి చోటు. చీమకుర్తి గ్రానైట్ లారీలు వచ్చేది ఆ దారినే. వాటి నుంచి రాలిన రాతిపొడి, టైర్ల అరుగుదల, బ్రేకుల పొడి, కారిన ఆయిలు, డీజిల్ పొగలోని మసి అన్నీ రోడ్డు అంచున చేరతాయి. టైరు రబ్బరులో జింకు ఉంటుంది, చాలా బ్రేకు ప్యాడ్లలో రాగి ఉంటుంది. ఇవి ఎక్కువగా సన్నటి మట్టిరేణువులకు అంటుకుని ప్రయాణిస్తాయి. అందుకే మనం ముందు తూచేది బురదను.

లీటరు పట్టే సీసాలు ఐదు తీసుకోండి. కడిగాక చివరగా బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో తొలిచి, 1 నుంచి 5 దాకా అంకెలు వేయండి. నీళ్లు పారడం మొదలవగానే మొదటిది, తర్వాత 5, 10, 20, 40 నిమిషాలకు మిగతావి నింపాలి. రోడ్డు అంచున నీళ్లు పల్చగా పారతాయి కాబట్టి సీసా మూతి ఆనదు. ప్లాస్టిక్ చేట ఆనించి అందులోంచి వంచుకోండి. సైడు కాలువలోంచి మాత్రం ముంచవద్దు, అందులో ఇళ్ల వాడుకనీళ్లు కలిసి ఉంటాయి. ఉరుములు మెరుపులు ఉంటే ఆ రోజుకు పని మానేయండి. కరెంటు స్తంభం పక్కన అసలే నిలబడవద్దు.

అంతకుముందు ఎన్ని రోజులు వాన పడలేదో తప్పక రాయండి. ఎండలన్నీ గడిచాక పడే తొలివాన, అక్టోబరు, నవంబరు ముసురులో నాలుగో రోజు వాన ఒకటి కావు. ఈ ఒక్క అంకె లేకపోతే మిగతా లెక్కకు అర్థం ఉండదు.

ఇంటికొచ్చాక సీసాలను రాత్రంతా కదపకుండా ఉంచండి. తెల్లారి పైనున్న తేటను ముందు వడకట్టి, అడుగు బురదను చివర్లో పోయండి. తిరగేస్తే ఫిల్టర్ కాగితం మూసుకుపోయి సాయంత్రం దాకా చుక్కలు లెక్కపెట్టాలి. కాగితాలను ముందే 0.01 గ్రాము చూపే చిన్న తూకంతో తూచి ఉంచాలి. వానాకాలం గాలిలో తేమకు కాగితమే బరువెక్కుతుంది. కాబట్టి ఆరో కాగితాన్ని డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి, మిగతావాటి పక్కనే ఆరబెట్టి, ఆరాక అన్నిటినీ మళ్లీ తూచండి.

ఉదాహరణకు మొదటి సీసా కాగితం 0.80 నుంచి 1.25 గ్రాములకు పెరిగింది, బురద లేని ఆరో కాగితం 0.80 నుంచి 0.82కు పెరిగింది అనుకుందాం. 0.45లోంచి 0.02 తీసేస్తే 0.43 గ్రాములు. అంటే లీటరుకు 430 మిల్లీగ్రాముల బురద. వడకట్టింది అరలీటరే అయితే దాన్ని రెట్టింపు చేయాలి.

చాలామంది టీడీఎస్ మీటరు ముంచి సరిపెట్టుకుంటారు. అది కరిగిన లవణాలనే చూపిస్తుంది. నల్లటి బురదనీళ్లలోనూ చిన్న అంకె రావచ్చు. దాన్ని చూసి నీళ్లు మంచివని ఎవరికీ చెప్పకండి.

ఇప్పుడు ఐదు కాగితాలను వరసగా పరిచి, పక్కన బకెట్టు దుమ్ము పోసి చూడండి. బకెట్టులోది ఆకాశం నుంచి రాలింది మాత్రమే. కాగితాల మీద అదనంగా కనిపించే నలుపులో ఎక్కువ భాగం రోడ్డుదే. అయస్కాంతాన్ని పల్చటి ప్లాస్టిక్ కవరులో చుట్టి మొదటి కాగితం మీద తిప్పండి. దానికి అంటిన రేణువులను విడిగా పొట్లం కట్టి, తేదీ వేసి ఉంచండి. 4వ పాఠం ఆ పొట్లంతోనే మొదలవుతుంది.