ఇంట్లో వస్తువులతో ఆగమన ధ్యానం – రెండో పాఠం: చాట

ఆగమన కాలం అంటే క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల కాలం. పోయిన పాఠంలో కొవ్వొత్తి గురించి చెప్పుకున్నాం. 1839లో జర్మనీలోని హాంబర్గ్‌లో యోహాన్ విఖర్న్ అనే ఆయన నడిపిన హోంలో పేద పిల్లలు "క్రిస్మస్ ఇంకెన్ని రోజులు" అని ప్రాణం తీస్తుంటే, ఒక బండి చక్రం మీద కొవ్వొత్తులు నిలబెట్టి రోజుకొకటి వెలిగించాడని, మామూలు రోజులకు చిన్న ఎర్రవి, ఆదివారాలకు పెద్ద తెల్లవి పెట్టాడని గుర్తుంది కదా. చేతికి దొరికింది బండి చక్రం, దాంతోనే పని కానిచ్చాడు. మన పాఠాలన్నీ అలాంటివే, కొత్తగా ఏదీ కొననక్కర్లేదు.

కొవ్వొత్తి అభ్యాసం మా సండే స్కూల్ పిల్లలతో కూడా చేయించాను. పది నిమిషాలు చూసి ఐదు లైన్లు రాయమంటే సగం మంది "యేసు లోకానికి వెలుగు" అని ఒక్క లైను రాసి నోట్‌బుక్ మూసేశారు. తప్పేం లేదు, కానీ ఆ మాట వాళ్లకు ముందే వచ్చు, దానికోసం కొవ్వొత్తి వెలిగించడం దండగ. పెద్దవాళ్లం మనం చేసేదీ ఇదే, జవాబు జేబులో పెట్టుకుని వస్తువు దగ్గరికి వెళ్తాం. అందుకని ఈ వారం ఒక్కటే నియమం: వస్తువుతో పని పూర్తయ్యేదాకా బైబిల్ తెరవొద్దు.

ఈ వారం వస్తువు చాట. పుస్తకాల్లో చేట, మా ఇండ్లల్లో చాట. హన్మకొండ అపార్ట్‌మెంట్లలో సార్టెక్స్ బియ్యం (మిల్లులోనే మెషిన్ ఏరి శుభ్రం చేసినవి) వచ్చాక చాటతో పనే లేకుండా పోయింది, అయినా అమ్మనో అత్తమ్మనో అడిగితే అటక మీద ఒకటి దొరుకుతుంది. లేకపోతే మేదరివాళ్ల దగ్గర కొనండి. ప్లాస్టిక్ చాటతోనూ పని నడుస్తుంది గానీ, వెదురు చాటకు మెంతులు, కాగితం నానబెట్టి రుబ్బి అలికితే గింజ పడ్డప్పుడు వచ్చే చప్పుడు ప్లాస్టిక్‌లో రాదు, ఆ చప్పుడు మనకు కావాలి.

ఊళ్లో ఉన్నవాళ్లు ఒక దోసెడు వడ్లు తీసుకోండి. టౌన్‌లో ఉన్నవాళ్లకు పావుకిలో పల్లీలు చాలు. వేయించి, చల్లారాక అరచేతులతో నలిపి చాటలో పోసుకుని గడప బయటికి వెళ్లండి. నేను మొదటిసారి హాల్లోనే మొదలుపెట్టాను, రెండు రోజుల తర్వాత కూడా సోఫా కింద నుంచి పల్లీ పొట్టు వస్తూనే ఉంది, ఇంట్లో ఏమన్నారో రాయను.

చాట రెండు పక్కలా పట్టుకుని ముందు అంచును కొంచెం పైకి ఎగరేయండి, గింజ కిందికి పడేటప్పుడు చాటను మీ వైపు లాక్కోండి. బలం అక్కర్లేదు, మణికట్టు తిరిగితే చాలు. నాలుగైదు సార్లకు బరువున్నవి మీ పొట్ట వైపుకి చేరతాయి, తేలికవి ముందు అంచుకు పోయి రాలిపోతాయి. ఫోన్ లోపలే పెట్టి పావుగంట ఇదే చేయండి. తర్వాత కళ్లు, చెవులు, చేతులు పట్టుకున్నవి మాత్రమే రాయండి. "పాపం", "పశ్చాత్తాపం" లాంటి మాటలు ఇప్పుడే వద్దు.

నా నోట్‌బుక్‌లో పోయినేడు రాసుకున్నది ఇది: "పొట్టు మొత్తం ఒకేసారి పోదు. గాలి ఆగితే అదే గింజల మీదికి తిరిగొస్తుంది. కొన్ని పల్లీలకు పొట్టు సగం అంటుకునే ఉంది, వాటిని ఎంత చెరిగినా లాభం లేదు, మళ్లీ చేతిలోకి తీసుకుని నలపాల్సిందే." ఈ మూడో లైను కోసం పావుగంట పట్టింది. కొవ్వొత్తి ముందు కూర్చున్న పిల్లలు ఇంకో ఎనిమిది నిమిషాలు ఆగి ఉంటే వాళ్లకూ ఇలాంటిది ఒకటి దొరికేది.

వడ్లు చెరిగేవాళ్లు ఇంకొకటి చూడాలి. పొట్టు వేరు, తాలు వేరు. పొట్టు గింజను చుట్టుకుని, గింజ గట్టిపడేదాకా దాన్ని కాపాడింది. తాలు బయటికి అచ్చం వడ్లలాగే ఉంటుంది, గోరుతో నొక్కితే లోపల ఏమీ ఉండదు.

ఇప్పుడు బైబిల్ తెరవండి. మత్తయి 3:12. బాప్తిస్మమిచ్చు యోహాను తన తర్వాత రాబోయే యేసు గురించి చెబుతూ, ఆయన చేతిలో చేట ఉందని, గోధుమల్ని కొట్లో పోసి పొట్టును ఆరని అగ్నిలో కాలుస్తాడని అంటాడు. ఆగమన కాలం రెండో ఆదివారం మామూలుగా ఈ యోహానుదే, కాజీపేట ఫాతిమా కెథడ్రల్ వైపు వెళ్తే క్యాథలిక్కులు స్నాపక యోహాను అంటారు, మనిషి ఒకడే. నిజానికి పాలస్తీనాలో గోధుమలు తూర్పారబట్టేది పళ్లున్న పొడుగు కర్ర పారతో, గాలికి ఎదురుగా పైకి విసిరేవాళ్లు. మన అనువాదకులు ఆ పారను మన ఇంటి చేటగా మార్చారు, నాకైతే అది మంచి పనే అనిపిస్తుంది. పైగా వాళ్లకు గోధుమ కోతలు ఎండాకాలం మొదట్లో, మనకు వానాకాలం వరి కోతలు సరిగ్గా ఆగమన కాలంలో. వర్ధన్నపేట దాటితే సగం రోడ్డు వడ్లే ఉన్న రోజుల్లో మనకు ఈ వాక్యం చదివి వినిపిస్తారు. అదే సమయానికి సెమీ క్రిస్మస్ (పండక్కి ముందే చేసుకునే క్రిస్మస్ వేడుకలు) కేకుల హడావుడి మొదలై యోహాను గొంతు ఎవరికీ వినబడదనుకోండి, అది వేరే గొడవ.

మత్తయితో ఆపకుండా లూకా 3:10 నుంచి 17 దాకా కూడా చదవండి. ఇక్కడే నేను బోల్తా పడ్డాను.

ఆ ఏడాది మా వడ్లు ఒక కొనుగోలు కేంద్రంలో పోశాం. తేమ 17 శాతం లోపే వచ్చింది, క్లీనర్‌లో కూడా పట్టించాం, అయినా తాలు ఉందని 40 కిలోల బస్తాకు రెండు కిలోలు తరుగు తీశారు. కడుపు మండిపోయింది. ఆ రాత్రి లూకాలో సుంకరులకు, అంటే పన్ను వసూలు చేసేవాళ్లకు, యోహాను చెప్పిన మాట, నిర్ణయించినదానికంటే ఎక్కువ తీసుకోవద్దన్నది కనబడేసరికి పెన్ను ఆగలేదు. రెండు పేజీలు నింపాను. తాలు ఎవరో, గింజ ఎవరో నాకు పూర్తిగా తెలిసిపోయింది, ఆ తూకం వేసినతన్ని ఆరని అగ్నిలో వేసేసి హాయిగా పడుకున్నాను.

రెండు రోజులకు అదే భాగం మళ్లీ చదివితే ఒకటి తగిలింది. జనం, సుంకరులు, సైనికులు ముగ్గురూ అడిగింది "మేమేం చేయాలి" అనే. సుంకరులు సైనికుల గురించి అడగలేదు, సైనికులు సుంకరుల మీద చాడీ చెప్పలేదు. యోహాను కూడా ఎవరి పనికి తగ్గ జవాబు వాళ్లకే ఇచ్చాడు: రెండు అంగీలున్నవాడికి ఒక మాట, వసూలు చేసేవాడికి ఒకటి, ఆయుధం ఉన్నవాడికి ఒకటి. తరుగు తీయడం అన్యాయమే, ఇప్పటికీ అదే అంటాను, అడగాల్సినచోట అడగాల్సిందే. కానీ నా రెండు పేజీల్లో నేను చేసే పని గురించి ఒక్క ముక్క లేదు.

నాది చిన్న కిరాణం. ఎలక్ట్రానిక్ కాంటా మీద చక్కెర డబ్బా పెట్టాక డబ్బా బరువు పోవడానికి ఒక బటన్ ఉంటుంది. గిరాకీ ఎక్కువున్నప్పుడు నొక్కేవాణ్ణి కాదు. డబ్బా 60 గ్రాములు. ఆ మర్నాడు పొద్దున షాపు తెరిచి, ముందు ఖాళీ డబ్బా కాంటా మీద పెట్టి ఆ అంకె చూశాను, చూసి నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

కాబట్టి ఈ వారం మీ అభ్యాసం: చెరిగాక ఐదు లైన్లు, లూకా చదివాక ఒక్క లైను. ఆ ఒక్క లైనులో మీ పని, మీ చేతిలో ఉండే వస్తువు, ఒక అంకె ఉండాలి. టీచరైతే హాజరు పట్టీ కావచ్చు, ఆటో నడిపేవాళ్లకు మీటరు కావచ్చు, ఇంట్లో వంట చేసేవాళ్లు పనిమనిషికి పోసే టీ గ్లాసు చూసుకోవచ్చు. ఇంకొకరి పేరు రాయొద్దు. రాశారంటే కొట్టేసి మళ్లీ మొదలుపెట్టండి, నాకు మూడుసార్లు పట్టింది.

చెరిగిన పల్లీలు పారేయకండి, చట్నీకి పనికొస్తాయి.

వచ్చే పాఠానికి ఇంట్లో ఉన్న తాళంచెవులన్నీ ఒకచోట పోసి పెట్టుకోండి, ఏ తాళానిదో తెలియనివి కూడా, ముఖ్యంగా అవే. యెషయా 22 మాత్రం ముందే చదవొద్దు.